భీమిలిలో స్థిరపడాలని ఉంది: స్థలం కొనమంటారా, ఆగమంటారా?

లెడ్జర్_బాబాయి | నవంబరు 9, ఉదయం 6.20

అందరికీ నమస్కారం. 36 ఏళ్లు బ్యాంకులో పనిచేసి మొన్న మార్చిలో రిటైరయ్యాను. హైదరాబాదులో మియాపూర్ దగ్గర ఫ్లాటు ఉంది. పిల్లలిద్దరూ విదేశాల్లో స్థిరపడ్డారు. ఇంట్లో మేమిద్దరమే. బాల్కనీలో నిలబడితే మెట్రో స్తంభాలు, ఎదురు అపార్టుమెంటులో ఆరేసిన బట్టలు తప్ప ఏమీ కనిపించవు.

నా మొదటి పోస్టింగు విశాఖలో, 1989లో. ఆదివారం వస్తే భీమిలి బస్సెక్కేవాణ్ని. గోస్తని సముద్రంలో కలిసే చోట ఇసుక మీద కూర్చుని వేరుశనక్కాయలు తిని, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేవాణ్ని. అప్పుడే అనుకున్నాను, ఎప్పటికైనా ఇక్కడే ఉండాలని. అక్టోబరు మొదటి వారంలో మా ఆవిడను తీసుకెళ్లి చూపించాను. గంటస్తంభం, డచ్చివారి సమాధులు, లైట్‌హౌసు అన్నీ అలాగే ఉన్నాయి.

ఫ్లాటు అమ్మేసి, సముద్రం కనిపించేలా 200 గజాలు కొని, చిన్న ఇల్లు కట్టుకోవాలని ఆలోచన. బ్రోకరు ఒక స్థలం చూపించాడు. భోగాపురం విమానాశ్రయం మొదలైతే ఈ ధరకు దొరకదని, సంక్రాంతిలోపు అడ్వాన్సు ఇమ్మని రోజూ ఫోను చేస్తున్నాడు. బీపీ తప్ప నాకు వేరే జబ్బు లేదు. అక్కడ ఉంటున్నవారు మంచిచెడ్డలు చెప్పండి.

గోస్తనీ_మాస్టారు | నవంబరు 9, ఉదయం 7.05

రండి బాబూ, రండి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు మాది. ఇప్పుడు విశాఖ మహానగరపాలక సంస్థలో కలిసిపోయి వార్డులుగా మిగిలాం. పుట్టింది, పాఠాలు చెప్పింది, పళ్లూడింది అన్నీ ఇక్కడే కాబట్టి నా మాటలో కొంత పక్షపాతం ఉంటుంది, తగ్గించుకుని చదవండి.

మీరు చూసింది అక్టోబరు మొదటి వారం. అదే నెల 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మాకు దూరమే. అయినా ఆ రెండు రోజులూ వాన, గాలి. అల్పపీడనం పడిందంటే చాలు, పేపర్లో విశాఖ, గంగవరం, కళింగపట్నం రేవులతో పాటు భీమునిపట్నానికి, అంటే మా భీమిలికి కూడా ప్రమాద హెచ్చరిక నంబరు వేస్తారు. మా రేవుకు సరుకు ఓడ వచ్చి ఎన్ని దశాబ్దాలైందో! ఓడలు మానేశాయి కానీ హెచ్చరికలు మానలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను విశాఖలో, ఎంవీపీ కాలనీలో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. మూడో అంతస్తు. గాలికి కిటికీ అద్దం లోపలికి వంగి మళ్లీ వెనక్కి వెళ్లడం కళ్లతో చూశాను. అద్దం వంగుతుందని ఆరోజే తెలిసింది. మా బావగారు, నేను బీరువాను జరిపి తలుపుకు ఆనించి, వీపులు ఆనించి కూర్చున్నాం. మర్నాడు వీధిలో ఒక్క చెట్టుకూ ఆకు లేదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాల కోసం బారులు తీరాం. భీమిలికి రావడానికి నాకు రెండు రోజులు పట్టింది.

భయపెట్టడానికి చెప్పలేదు. ఇలాంటిది ఏటా రాదు. కానీ సముద్రం పక్కన ఇల్లు కట్టేవాడు అక్టోబరు, నవంబరు నెలలను ఒక్కసారైనా ఇక్కడ గడిపి చూడాలి. మేలో ఉక్కపోతను కూడా. ఎండ హైదరాబాదంత ఉండదు, చెమట మాత్రం ఆరదు.

ఇంకో మాట. మీరు చూసింది ఆదివారం భీమిలా, మంగళవారం భీమిలా?

ఇంటినుంచే_పని | నవంబరు 9, ఉదయం 9.40

నేను 14 నెలలుగా భీమిలిలో అద్దెకు ఉంటూ బెంగళూరు కంపెనీకి పనిచేస్తున్నాను. నావంటివాళ్లు ఈ చర్చ చదువుతారు కాబట్టి రాస్తున్నాను.

ఒక్క తీగను నమ్ముకోవద్దు. నాకు రెండు సంస్థల ఇంటర్నెట్ కనెక్షన్లున్నాయి, రెండూ వేర్వేరు స్తంభాల మీదుగా వస్తాయి. రౌటరుకు చిన్న యూపీఎస్ పెట్టాను. కరెంటు పోయిందని మీటింగులో ఎవరికీ తెలియదు, ఫ్యాను ఆగి నా మొహం మీద చెమట కనబడేవరకు.

ఉప్పుగాలి సంగతి ఎవరూ ముందుగా చెప్పలేదు. మొదటి వర్షాకాలం అయ్యేసరికి ల్యాప్‌టాప్ ఛార్జింగ్ రంధ్రంలో పచ్చగా చిలుము పట్టింది. ఇన్వర్టరు బ్యాటరీ కొనలకూ అదే. తోలు బూట్లకు బూజు, కెమెరా అద్దం లోపల సాలెగూడులాంటి మచ్చ. ఇప్పుడు వస్తువులన్నీ గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాల్లో, తేమ పీల్చే పొట్లాలతో ఉంటాయి. అమ్మ చూసి, ఊరగాయలు పెట్టుకున్నావా అని అడిగింది.

సముద్రం వైపు బల్ల వేసుకుని పనిచేయాలని నేనూ కలగన్నాను. మధ్యాహ్నం రెండింటికల్లా ఆ వెలుతురుకు తెర కనబడదు. ఆరు నెలలుగా గోడవైపు తిరిగి కూర్చుంటున్నాను.

కొత్తవలస_కాఫీ | నవంబరు 9, ఉదయం 10.15

తగరపువలసలో చూడండి. సముద్రం లేదన్న మాటే కానీ అన్నీ ఉన్నాయి.

గోస్తనీ_మాస్టారు | నవంబరు 9, ఉదయం 10.22

అవును, జాతీయ రహదారి లారీలతో సహా.

కాంక్రీటు_కబుర్లు | నవంబరు 9, మధ్యాహ్నం 1.30

లెడ్జర్ బాబాయి గారూ, నేను సివిల్ ఇంజనీరును. తీరం వెంబడి ఇళ్ల మరమ్మతులే నాకు ఎక్కువగా వస్తాయి. అంటే మీవంటివారి కలల మీదే బతుకుతున్నాను, మన్నించాలి.

గత ఏడాది బీచ్ రోడ్డుకు ఎదురుగా ఉన్న ఒక ఇంటికి పిలిచారు. కట్టి తొమ్మిదేళ్లే. ముందుగదిలో శ్లాబు అడుగున గోధుమరంగు గీత, సరిగ్గా చువ్వ వెళ్లిన దారిలో. రంగువాళ్లు రెండుసార్లు పుట్టీ పెట్టి కప్పేశారు. చిన్న సుత్తితో తట్టాను, బోలుగా మోగింది. ఇంకోసారి తట్టేసరికి చేటంత పెచ్చు సోఫాలో పడింది. లోపలి 12 మిల్లీమీటర్ల చువ్వ పెన్సిలంత మిగిలింది. బొటనవేలితో రుద్దితే పొరలు పొరలుగా రాలింది. ఇంటాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

జరిగేది ఇదీ. గాలిలో వచ్చే ఉప్పు కాంక్రీటులోని సన్నని రంధ్రాల గుండా మెల్లగా చువ్వను చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది. అది ఉబ్బి కాంక్రీటును లోపలినుంచి పగలగొడుతుంది. పగులు పడ్డాక తేమకు దారి దొరుకుతుంది, ఇక ఆగదు. కాంక్రీటు పనికి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం తీర వాతావరణంలో కనీసం ఎం30 బలమున్న కాంక్రీటు వాడాలి, చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే చువ్వను కప్పే కాంక్రీటు మందం, ఉండాలి. సముద్రపు తుంపర నేరుగా తగిలే చోటైతే ఎం35, 50 మిల్లీమీటర్లు. మన మేస్త్రీ అలవాటుకొద్దీ శ్లాబుకు 20 వదులుతాడు. పైగా ఆ స్థలంలోనే బోరు వేసి ఆ నీళ్లతోనే కాంక్రీటు కలుపుతాడు. తీరంలో బోర్లు చాలాచోట్ల ఉప్పెక్కి ఉన్నాయి. అంటే ఉప్పు బయటినుంచి రానక్కర్లేదు, మనమే కలిపి పోస్తున్నాం.

ఏసీ బయటి యూనిట్ రెక్కలు పొడై రాలతాయి. ఇనుప గ్రిల్లుకు ఏడాదికోసారి రంగు వేయాల్సిందే. కిటికీలకు యూపీవీసీ, బయటి మరలకు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే కొంత మేలు.

నన్నడిగితే, సముద్రం కనిపించే ఇల్లు వద్దు. సముద్రానికి నడిచి వెళ్లగలిగే ఇల్లు చూసుకోండి. మధ్యలో రెండు వీధులు, నాలుగు చెట్లు, వీలైతే ఒక కొండ వాలు అడ్డం ఉండాలి. కాపులుప్పాడ వైపు చూస్తే డంపింగ్ యార్డు ఎంత దూరమో, గాలి ఏ దిక్కునుంచి వీస్తుందో సాయంత్రం పూట నిలబడి చూసుకోండి.

తెరచాప | నవంబరు 9, రాత్రి 8.50

మా తాత, నాన్న వేటకు వెళ్లినవాళ్లు. నేను విశాఖలో వెల్డర్ని, ఇల్లు మాత్రం భీమిలి రేవు దగ్గరే.

అందరూ ప్రశాంతమైన ఊరని రాస్తుంటే నవ్వొచ్చింది. తెల్లవారుజామున మూడున్నరకు మర పడవల ఇంజిన్లు మొదలవుతాయి. ఆరున్నరకు ఒడ్డున వేలంపాట. నెత్తళ్లు ఎండబెట్టినప్పుడు వచ్చే వాసన మాకు అన్నం వాసన, మీకు ఎలా ఉంటుందో తెలియదు. గంగమ్మ పండుగకు మైకులు రాత్రంతా మోగుతాయి. ఇల్లు కొన్నాక ఇవన్నీ కొత్తగా వచ్చినట్టు ఫిర్యాదు రాసినవాళ్లున్నారు. రేవు ముందునుంచీ ఉందండి.

చేపల కోసం వచ్చేవాళ్లకు ఒక మాట: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మర పడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. అప్పుడు తెప్పల మీద వెళ్లినవాళ్లు తెచ్చేదే. వంజరం ధర అడిగి మళ్లీ అడగరు.

స్థలం గురించి. మేం వలలు ఆరేసుకునే ఇసుక మీద రాళ్లు పాతి అమ్మకానికి పెట్టినవి నేను చూశాను. మీ బ్రోకరు చూపించింది అలాంటిది కాకూడదని కోరుకుంటున్నాను. రాళ్లు కొత్తగా ఉండి, చుట్టూ పాత తాటిచెట్లు, తెప్పలు కనిపిస్తే ఒక పూట ఆగి పక్కవాళ్లను అడగండి. మేం కరవం.

అరుగు_నిర్వాహకులు | నవంబరు 9, రాత్రి 9.30

స్థలాల ప్రకటనలు, బ్రోకర్ల ఫోను నంబర్లు ఇక్కడ పెట్టవద్దు. రెండు వ్యాఖ్యలు తీసేశాం.

దస్తావేజు | నవంబరు 10, ఉదయం 8.10

తెరచాప గారు చెప్పింది చట్టం భాషలో చెబుతాను. సముద్రపు పెద్ద పోటు వచ్చే గీత నుంచి 500 మీటర్ల వరకు తీరప్రాంత నియంత్రణ నిబంధనలు, అంటే సీఆర్‌జెడ్, వర్తిస్తాయి. 2019 నోటిఫికేషను ప్రకారం ఆ స్థలం ఏ విభాగంలో పడిందో చూడాలి. పట్టణ విభాగంలో ఉంటే, ముందునుంచీ ఉన్న రోడ్డుకు భూమివైపు కట్టడం వేరు, సముద్రంవైపు కట్టడం వేరు. రిజిస్ట్రేషను అయిపోయినంత మాత్రాన ఇంటికి అనుమతి వస్తుందని అనుకోవద్దు. ఆ రెండూ రెండు దారులు.

తర్వాత, సర్వే నంబరు రిజిస్ట్రేషను నిషేధిత జాబితాలో, మనం 22ఏ అంటామే, అందులో ఉందేమో చూడండి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూములకు 1977 చట్టం ఉంది, వాటి లావాదేవీల్లో చిక్కులు ఎక్కువ. 30 ఏళ్లకు ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన లావాదేవీల పత్రం, తీయించండి, లింకు దస్తావేజులన్నీ అసలువి చూడండి, లేఅవుటుకు వీఎంఆర్‌డీఏ, అంటే ఒకప్పటి వుడా, విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ, అనుమతి ఉందో లేదో అడగండి. "పాత వుడా లేఅవుటండీ" అన్న మాట కాగితం కాదు.

సంక్రాంతిలోపు అన్న గడువు బ్రోకరుది. మీది కాదు.

తిరుగుటపా | నవంబరు 10, మధ్యాహ్నం 3.20

మేం తిరిగి వచ్చేసినవాళ్లం. 2021లో వెళ్లి 2024లో వెనక్కి వచ్చాం. నేను రాస్తే ఊరిని నిందించినట్టు ఉంటుందని నిన్నంతా ఆగాను.

ఊరి తప్పేమీ లేదు. మూడేళ్లూ రోజూ పొద్దున్నే ఇసుక మీద నడిచాం. మా వారి షుగరు తగ్గింది. ఎర్రమట్టి దిబ్బల దగ్గర వాన వెలిసిన తర్వాత ఆ రంగు చూడటానికే రెండుసార్లు ఆటో కట్టించుకుని వెళ్లాం.

ఒక రాత్రి ఒంటిగంట నలభైకి ఆయనకు ఛాతీలో నొప్పి. అంబులెన్సుకు ఫోను చేస్తే వస్తోందన్నారు. అరగంట గడిచింది. వాన. పక్కింట్లో ఆటో నడిపే అబ్బాయిని లేపితే, లుంగీ మీదే వచ్చి ఆటో తీశాడు. విశాఖలో ఆసుపత్రి చేరేసరికి దాదాపు మూడు. చివరికి తేలింది అజీర్తి. ఆ సాయంత్రం తిన్న మిరపకాయ బజ్జీలు.

నవ్వుకోవాల్సిన విషయమే. కానీ ఆ రాత్రి తర్వాత ఆయన పడుకునే ముందు రోజూ కిటికీ దగ్గరికి వెళ్లి, పక్కింటి ముందు ఆటో ఉందో లేదో చూసేవారు. ఉంటే నిద్రపోయేవారు. లేకపోతే నాకు చెప్పకుండా కుర్చీలో కూర్చునేవారు. ఏడాది అలా చూశాను. ఇక వెళ్లిపోదామని నేనే అన్నాను.

ఇల్లు కొని ఉంటే అనలేకపోయేదాన్ని. మేం అద్దెకు ఉన్నాం కాబట్టి ఒక నెల నోటీసుతో అయిపోయింది.

రాత్రి_డ్యూటీ | నవంబరు 10, రాత్రి 11.15

తిరుగుటపా అక్కయ్యగారూ, మీరు చేసింది సరైన పని. అది గ్యాసో గుండెపోటో ఇంట్లో కూర్చుని తేల్చుకునేవాళ్లనే మేం ఆలస్యంగా చూస్తుంటాం.

నేను విశాఖలో 26 ఏళ్లుగా నర్సును. భీమిలినుంచి వచ్చేవారికి ముందుగా తగిలేది హనుమంతవాక వైపు. విమ్స్, ఆరిలోవ హెల్త్ సిటీ ఆసుపత్రులు అక్కడే. కేజీహెచ్ పెద్దాసుపత్రి ఇంకా లోపలికి. మ్యాపు చెప్పే నిమిషాలను నమ్మకుండా, రాత్రి ఒకసారి, శనివారం సాయంత్రం ఒకసారి ఇంటినుంచి బయల్దేరి గడియారం చూసుకోండి. శనివారం రుషికొండ దగ్గర కార్ల బారు చూస్తే మీకే అర్థమవుతుంది. బీపీ మాత్రలు తుపాను నెలల్లో రెండు నెలలకు సరిపడా దగ్గర పెట్టుకోండి.

లెడ్జర్ బాబాయి గారూ, మీ పోస్టు మూడుసార్లు చదివాను. మీ ఆవిడను తీసుకెళ్లి చూపించానన్నారు. ఆమె ఏమన్నారో మాత్రం రాయలేదు.

లెడ్జర్_బాబాయి | నవంబరు 11, ఉదయం 6.05

అందరికీ ధన్యవాదాలు. ఇంత ఓపికగా రాస్తారనుకోలేదు. కాస్త నీరసం కూడా వచ్చింది, నిజం చెప్పాలి. ఎక్కడ చూసినా తుప్పు, తుపాను, గుండెనొప్పి. హైదరాబాదులో మాత్రం మనుషులు పోవడం లేదా?

మా ఆవిడకు అభ్యంతరం లేదు. సముద్రం బాగుందనే అన్నది. కావాలంటే ఈ పోస్టు చూపిస్తాను, ఆమే రాస్తుంది.

లెడ్జర్_బాబాయి | నవంబరు 11, ఉదయం 10.40

నమస్కారమండీ. రాస్తున్నది ఆయన కాదు, నేను. ఫోను నా చేతికిచ్చి కూరగాయలకు వెళ్లారు. ఇంతకుముందు ఇలాంటి చోట రాయలేదు, తప్పులుంటే దిద్దుకోండి.

సముద్రం బాగుందని అన్నమాట నిజమే. ఎవరడిగినా అదే అంటాం కదా. ఆయన గంటన్నర అలలు చూస్తూ కూర్చుంటే నేను ఆ వీధిలో తిరిగాను. మందుల షాపు రాత్రి తొమ్మిదికి మూస్తారట. రవికలు కుట్టే అమ్మాయి ఉంది, పని శుభ్రంగా ఉంది, పండుగ ముందైతే ఇరవై రోజులు పడుతుందన్నది. రైల్వేస్టేషనునుంచి 900కె బస్సు బీచ్ రోడ్డు మీదుగా వస్తుందని కండక్టరే చెప్పాడు. నాకు కారు నడపడం రాదు, అందుకే బస్సు సంగతి ముందు అడిగాను. నరసింహస్వామి గుడి కొండ మీద ఉంది. మెట్లు లెక్కపెట్టలేదు కానీ నా మోకాళ్లు లెక్కపెట్టాయి.

మాస్టారి చెల్లెలుగారి కిటికీ సంగతి చదివి భయపడలేదు. మాది దివిసీమ దగ్గర పల్లె. 1977 ఉప్పెన నాటికి నాకు పదేళ్లు. మా నాన్నగారు మమ్మల్ని గుడి మీదికెక్కించారు. మా వారికి ఆ విషయం తెలుసు, కానీ సముద్రం అంటే నాకు అది గుర్తొస్తుందని నేనెప్పుడూ చెప్పలేదు. పెళ్లయిన కొత్తలో భీమిలి తీసుకెళ్లినప్పుడు కూడా చెప్పలేదు. అంత ఇష్టంగా చూపిస్తుంటే ఏం చెబుతాం?

వెళ్లనని అనడం లేదు. ఒక ఏడాది అద్దెకు ఉందాం. రెండు వీధులు లోపలికి, మెట్లు ఎక్కాల్సిన అవసరం లేని ఇల్లు, పక్కనే మాట్లాడే మనుషులు ఉండాలి. మియాపూర్ ఇల్లు అమ్మకూడదు. ఆ కాగితాల మీద రెండు సంతకాలున్నాయి, రెండోది నాది.

తిరుగుటపా | నవంబరు 11, ఉదయం 11.02

అమ్మా, మాట్లాడే మనుషులు కావాలంటే మేమున్న వీధిలోనే చూడండి. ఆటో అబ్బాయి ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. వివరాలు విడిగా పంపిస్తాను.

గోస్తనీ_మాస్టారు | నవంబరు 11, ఉదయం 11.30

చెల్లెమ్మగారూ, గుడికి మెట్లెక్కలేకపోతే కింద నిలబడి దండం పెట్టుకోండి. ఇరవై ఏళ్లుగా నేను చేస్తున్నది అదే, స్వామి ఏమీ అనలేదు. ఇల్లు మా ఆవిడ కూడా వెతుకుతుంది. బ్రోకరు కన్నా ఆమెకు ఎక్కువ ఇళ్లు తెలుసు.

లెడ్జర్_బాబాయి | నవంబరు 11, రాత్రి 9.45

పొద్దున కూరగాయలనుంచి వచ్చాక ఫోను తీసుకుని చదివాను. 33 ఏళ్ల కాపురంలో ఆ గుడి సంగతి విన్నాను కానీ ఇలా విననేలేదు. బ్రోకరుకు వద్దని చెప్పేశాను. రేపటికి ధర పెరుగుతుందన్నాడు. పెరగనీ.

లెడ్జర్_బాబాయి | జనవరి 20, సాయంత్రం 5.30

పండుగ వెళ్లాక సామానుతో దిగాం. తిరుగుటపా గారి పాత వీధి, నేల అంతస్తు, పెరట్లో కొబ్బరిచెట్టు. సముద్రం కనిపించదు. మధ్యాహ్నం గాలి మళ్లితే వినిపిస్తుంది. మంగళవారమే వచ్చాం మాస్టారూ, గమనించగలరు.

ఒక చిక్కు. పెరటి తలుపు తాళం తుప్పు పట్టి తెరుచుకోవడం లేదు. ఇంటివారు విశాఖలో ఉన్నారు. పగలగొట్టమంటారా?

తెరచాప | జనవరి 20, సాయంత్రం 5.41

పగలగొట్టకండి. కొబ్బరినూనె రెండు చుక్కలు వేసి పావుగంట ఆగండి. నేను డ్యూటీనుంచి వచ్చే దారిలోనే ఉన్నాను. తాళం రాకపోతే వచ్చి చూస్తాను.